ఆరు అంగుళాల వక్రోక్తి

రెండు వి-బ్లాకుల మీద ఉక్కు పైపు పడుకుని ఉంది. మా మేనల్లుడు దాన్ని అరచేత్తో నెమ్మదిగా దొర్లిస్తున్నాడు. పైపు నడుమ మీద డయల్ గేజి మొన ఆని ఉంది. ఒక చుట్టు తిరిగేలోగా ముల్లు రెండు గీతలు అటూ, రెండు గీతలు ఇటూ ఊగి మొదటికి వచ్చింది. ఒక్కో గీత మిల్లీమీటరులో నూరో వంతు.

"చూడు మామా, వంకర లేదు" అన్నాడు. పద్యంలో గణాలు సరిపోయాక కవి ఎలా ఊపిరి పీల్చుకుంటాడో అలా పీల్చుకున్నాడు.

నాకు నవ్వొచ్చింది. వాడు తయారు చేస్తున్నది ఒక వాలు, ఒక వంపు. ముందు చక్రాన్ని బండికి దూరంగా, ఏటవాలుగా చాచి నిలబెట్టే రెండు పొడుగు కాళ్లు. ఆ వాలు కోసం ఇంత నిటారుతనం కావాలా అనిపించింది. కావాలని తర్వాత తెలిసింది. ఈ వ్యాసమంతా నిజానికి ఆ ఒక్క విషయం గురించే.

బెంగళూరు యలహంకలో కారు లేని కారు షెడ్డు అది. హెడ్‌లైటు డూమూ మడ్‌గార్డూ ముందు చక్రమూ ఊడదీసిన పాత బుల్లెట్ 350 జాకీ మీద నిలబడి ఉంది. చేయబోయే పనిని ఒక్క మాటలో చెప్పొచ్చు: ముందు ఫోర్కు పైపుల్ని ఆరు అంగుళాలు పొడుగు చేయడం. ఒక్క మాటలో ఇమిడే పనులే మనిషిని ఎక్కువ ఏడిపిస్తాయి. వీడిని ఏడాదిన్నర ఏడిపించింది. నేను బండ్ల మనిషిని కాను, కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. చూడ్డానికి వెళ్లి చూస్తూ ఉండిపోయాను.

ఈ తరహా బండిని చాపర్ అంటారు. నరకడం నుంచి పుట్టిన పేరు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా కుర్రాళ్లు బరువైన హార్లీల మీంచి తమకు అక్కర్లేదనిపించిందల్లా తీసి పారేశారు. తీసివేతతో మొదలైన ఆ కళ ఒక్కచోట మాత్రం కూడిక నేర్చింది, అదే ముందు ఫోర్కు. 1969లో వచ్చిన 'ఈజీ రైడర్' సినిమాలో పీటర్ ఫోండా ఎక్కిన బండి ఆ కూడికకు లోకప్రసిద్ధ ఉదాహరణ. ట్యాంకు మీద అమెరికా జెండా రంగులు, వాటి ముందు ఎండలో మెరిసే పొడవాటి క్రోము గీత. పేరు 'కెప్టెన్ అమెరికా'. ఒకప్పటి పోలీసు హార్లీల నుంచి ఆ సినిమా బండ్లను మలిచినవాళ్లలో ముఖ్యులు క్లిఫ్ వాస్, బెన్ హార్డీ అనే ఇద్దరు నల్లజాతి కళాకారులు. సినిమా పేర్లలో వాళ్లకు చోటు దక్కలేదు. లోకం వాళ్లను గుర్తించడానికి దశాబ్దాలు పట్టింది. బండి బొమ్మ మాత్రం అప్పటికే ప్రపంచమంతా తిరిగి కుర్రాళ్ల గదుల గోడలకెక్కింది.

మన బుల్లెట్ కథా దీనికి దూరం కాదు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది మన సైన్యానికి బండ్లు కావలసి వచ్చే. సైన్యం, పోలీసులు నడిపిన బండి క్రమంగా ఇళ్లకు వచ్చింది, తర్వాత సరదారాయుళ్ల చేతికి వచ్చింది. బెంగళూరులోనే బుల్లెటీర్ కస్టమ్స్ లాంటి వర్క్‌షాపులు దానికి కొత్త కొత్త రూపాలిచ్చాయి. అక్కడా ఇక్కడా యూనిఫాం విడిచిన బండే వేషం మార్చుకుంది.

ఫోర్కును ముందు దాని లోపలి నుంచి చూడాలి. బయటికి రెండు గొట్టాలే. లోపల స్ప్రింగు, నూనె, నూనెను సన్నటి రంధ్రాల గుండా తోలి దెబ్బను మెత్తబరిచే రాడ్డు. పై గొట్టం కింది గొట్టంలోకి దిగుతుంది, లేస్తుంది. నూనెతో దెబ్బను అణిచే ఇలాంటి ఫోర్కును 1935లో బీఎండబ్ల్యూ వాళ్లు అమ్మకపు బండ్లకు పెట్టారు. దీని పెద్దన్నను చూడాలంటే యలహంక నుంచి పాత విమానాశ్రయం రోడ్డులోని హెచ్‌ఏఎల్ మ్యూజియానికి వెళ్లాలి. అక్కడ నిలబెట్టిన మారుత్ యుద్ధవిమానం ముక్కు కింద వంగి చూడండి. ఆకాశం నుంచి దిగే బరువును నేలకు అప్పజెప్పేది కూడా గొట్టంలో దూరే గొట్టమే. నున్నటి, వంకరలేని, అద్దంలాంటి ఉక్కు. మా వాడు షెడ్డులో దొర్లించి చూస్తున్నది ఆ వంశపు పైపునే.

పైపును పొడుగు చేసే దారులు రెండు మూడున్నాయి. ఉన్న పైపు నెత్తిన థ్రెడ్డు తిప్పి మరో ముక్క బిగించడం ఒకటి. అది చవక, ఒక పూటలో అయిపోతుంది. మా వాడు మొదట దానికే మొగ్గాడు. కొలతల కాగితం పట్టుకుని పీణ్య పారిశ్రామికవాడకు వెళ్లాం. 1953లో హెచ్‌ఎంటీ యంత్రాల కంపెనీ పుట్టిన జాలహళ్లికి పీణ్య కూతవేటు దూరం. ఈ నగరం లేత్ మిషన్లను తయారు చేసిన నగరం. వాటి మీద వేళ్లు అరగదీసుకున్న మనుషులు ఇప్పటికీ ఆ సందుల్లో ఉన్నారు. మేం వెళ్లిన షెడ్డు యజమాని హిందూపురం వైపు పెద్దాయన. కాగితం చూసి కళ్లజోడు నుదుటికెత్తాడు.

"అతుకు యాడ పడతాది?"

మా వాడు వేలితో చూపించాడు.

"కింది టీ దగ్గరికే వస్తాది గదప్పా. బండి గుంటలో పడినప్పుడు పైపుకు నొప్పి తగిలేది ఆ జాగాలోనే. అతుకు పెడితే ఆడనే ఇరుగుతాది. ఇనుముకు గుర్తుంటాది."

ఇంజనీరింగు పుస్తకం చెప్పేదీ అదే. చక్రం కింద దెబ్బ తగిలితే పైపు వంగాలని చూసేది కింది టీ, అంటే రెండు పైపుల్నీ బండి మెడకు పట్టి ఉంచే కింది బిగింపు, పట్టు వదిలిన చోట. అక్కడినుంచి ఇరుసు దాకా అర మీటరు ఉన్న కాలికి పదిహేను సెంటీమీటర్లు కలిస్తే వంచే బలం నూటికి ముప్ఫై పెరుగుతుంది. బలహీనత ఉండకూడని చోట అతుకు పెట్టడం ఉత్పలమాల మధ్యలో చంపకమాల పాదం ఇరికించినట్టు. పైకి ఇంపుగానే ఉంటుంది, నడవగానే తెలుస్తుంది. అతుకు లేని సీమ్‌లెస్ పైపే కావాలన్నాడు పెద్దాయన. టర్నింగు, గ్రైండింగు, హార్డ్ క్రోము, మళ్లీ గ్రైండింగు. 35 మిల్లీమీటర్ల వ్యాసం ఎక్కడా హెచ్చుతగ్గులు కాకూడదు, లేదంటే ఆయిల్ సీలు కన్నీరు కారుస్తుంది.

లేత్ మీద ఆ పైపు తిరుగుతుంటే నేను చాలాసేపు చూశాను. టూలు మొన తాకగానే ఉక్కు నీలపు రంగు తిరిగి, సన్నటి జంతికల్లా చుట్టలు చుట్టుకుంటూ రాలింది. కూలంటు నీళ్లు పాలలా పారాయి. పెద్దాయన చేత్తో ముట్టుకోడు, వెర్నియర్‌తోనే ముట్టుకుంటాడు. ఆఖరున పై నట్టు కూర్చునే థ్రెడ్డు తీసి, నట్టును వేళ్లతోనే తిప్పాడు. అది ఎక్కడా పట్టేయకుండా, ఎక్కడా వదులు లేకుండా జారుతూ దిగింది. చివరి చుట్టులో గాలి బయటికి పోతూ సన్నగా ఊదింది. ఆయన ఏమీ అనలేదు. పైపుకు నూనెగుడ్డ చుట్టి మా చేతిలో పెట్టాడు.

ఇక వంపు సంగతి. మా అలంకారశాస్త్రంలో కుంతకుడని ఒక కశ్మీరీ పండితుడున్నాడు. కావ్యానికి ప్రాణం వక్రోక్తి అన్నాడు. మామూలు మాటను మామూలుగా అనకుండా ఒక ఒంపుతో అనడం. అదే కశ్మీరంలో పదకొండో శతాబ్దపు క్షేమేంద్రుడు ప్రాణం ఔచిత్యం అన్నాడు. ఏది ఎక్కడ ఎంత ఉండాలో అంతే ఉండడం. నలభై ఏళ్లు ఈ రెంటినీ విడివిడి సిద్ధాంతాలుగా బోర్డు మీద రాశాను. అవి ఒకే వస్తువులో ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయని ఈ షెడ్డులో చూశాను.

బండి మెడ నిలువుకు ఎంత వాలి ఉందో దాన్ని రేక్ అంటారు. అది వక్రోక్తి. మెడలోని కోన్ సెట్టు గుండా ఒక గీతను ఊహించుకుని నేల దాకా దించండి. అది తాకిన చోటుకు కాస్త వెనక టైరు నేలను తాకుతుంది. ఈ రెండు చోట్ల నడుమ ఎడమే ట్రెయిల్. అది ఔచిత్యం. సామాన్ల తోపుడుబండి చక్రం తన పిడికి వెనకబడి బుద్ధిగా నడిచేది ఈ ఎడం వల్లే. బండి దారి తప్పకుండా తనంతట తాను తిన్నగా పోవడంలోనూ దీనిది పెద్ద పాత్ర.

వాలు పెరిగితే ట్రెయిల్ ఎలా పెరుగుతుందో మా వాడు గోడ మీద బొగ్గుతో లెక్క వేశాడు. చక్రం వ్యాసార్ధం 32 సెంటీమీటర్లు, టీ ముందుకు తోసిన దూరం 5 అనుకుంటే, 27 డిగ్రీల వాలుకు ట్రెయిల్ 10.7 సెంటీమీటర్లు. 32 డిగ్రీలకు 14. 40కి 20. 45కి దాదాపు 25. డిగ్రీలు మెట్టు మెట్టుగా ఎక్కుతుంటే ట్రెయిల్ పరుగెత్తుతుంది. అది మరీ పెరిగిన బండి హైవే మీద రైలులా పోతుంది. ఊళ్లో మలుపు దగ్గర హ్యాండిలు దానంతట అది పక్కకు ఒరిగిపడుతుంది. ఆ బండితో సిల్క్ బోర్డు సిగ్నల్లో నిలబడటం నిద్రపోయే పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడటమే. ఇక దెబ్బ సంగతి చూస్తే, వాలు 45 డిగ్రీలకు చేరినప్పుడు గుంట కొట్టే దెబ్బలో స్ప్రింగును నొక్కే పాలూ, పైపును వంచే పాలూ సమానమైపోతాయి. పైపు జారడం మాని బిగుసుకుంటుంది.

దీనికి విరుగుడుగా టీనే వాలుగా చేసి పైపుల్ని మెడ కంటే ఎక్కువ చాచడం ఒక పద్ధతి. అది ట్రెయిల్‌ను తగ్గిస్తుంది. మెడను బాగా వాల్చిన బండికి అది మందు. మెడ ముట్టని మామూలు బండికి తగిలిస్తే ట్రెయిల్ అడుగంటి, వేగం అందుకోగానే బండి తల ఊపడం మొదలెడుతుంది. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి, రెండూ పొడుగే. ఒకటి అతిశయోక్తి. రెండోది అబద్ధం.

ఆరు అంగుళాలే ఎందుకు? మెడ కోసి మళ్లీ వెల్డింగు చేయడం మా వాడికి ఇష్టం లేదు. ఫ్రేము ముట్టకుండా ఫోర్కు మాత్రం పెంచితే బండి వెనక ఇరుసు మీద మోర ఎత్తుతుంది. అంగుళానికి డిగ్రీకి కాస్త తక్కువ లెక్కన, ఆరు అంగుళాలకు అయిదు డిగ్రీల పైచిలుకు. 27 కాస్తా 32 అవుతుంది, ట్రెయిల్ 14 దగ్గర ఆగుతుంది. స్వీడన్ చాపర్ల ఫోర్కులతో పోలిస్తే ఇది పసిబిడ్డ అడుగు. కానీ ఈ ఇంజను, ఈ ట్యాంకు, ఈ చక్రం కలిసి మోయగలిగిన వాలు ఇంతే. పన్నెండు అంగుళాలు పెట్టొచ్చు కదా అని ఎవరో అడిగితే మా వాడు చెప్పిన జవాబు నాకు గుర్తుండిపోయింది: "పెట్టొచ్చన్నా. అప్పుడు చూసేవాళ్లు పైపును చూస్తారు, బండిని చూడరు."

బిగించిన రోజు మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. నందిని పాల ప్యాకెట్‌ను చించి, నూనె పూసి, పైపు కొనకు తొడిగాడు. థ్రెడ్డు అంచు కోసుకోకుండా ఆయిల్ సీలు దాని మీదుగా జారి కూర్చుంది. పాత స్ప్రింగులే లోపలికి పోయాయి, వాటిపైన ఆరు అంగుళాల గొట్టం ముక్కలు పడ్డాయి. ఇంజెక్షన్ సిరంజితో నూనె రెండు కాళ్లకూ సమానంగా పోశాడు. బుల్లెట్‌కి హెడ్‌లైటూ స్పీడోమీటరూ కూర్చునే డూమే పై టీ పని కూడా చేస్తుంది. దాన్ని తీసేసి విడి టీ పెట్టాడు కాబట్టి మెడ దగ్గర ఒక్కసారి గాలి ఆడినట్టయింది. చక్రం ఎక్కింది. నట్లు బిగించే ముందు బ్రేకు పట్టుకుని ఫోర్కును మూడుసార్లు నొక్కాడు, రెండు కాళ్లూ తమ దారి తాము సర్దుకోవాలట. ఆ తర్వాతే పానా పట్టాడు.

జాకీ దించాం. నేను గేటు దాకా నడిచి వెనక్కి తిరిగాను.

అంతవరకు బుల్లెట్ నాకు బరువు తలకెక్కించుకుని నేలచూపు చూసే బండి. ఇప్పుడది మోర ఎత్తింది. ట్యాంకు అంచు గీత మెడ దగ్గర ఆగకుండా పైపులోకి దూకి, ఏటవాలుగా జారి, ఇరుసు దగ్గర చక్రంలో కలిసిపోయింది. ఇంజనుకూ ముందు చక్రానికీ నడుమ ఇదివరకు లేని ఖాళీ ఒకటి పుట్టింది. అందులోంచి పక్కింటి మందారచెట్టు కనిపించింది. నాకు అర్థమైంది: వాడు చేసింది పైపు కాదు, ఆ ఖాళీ. వీణలో తీగ ఎంత ముఖ్యమో తీగ కింద చోటూ అంతే ముఖ్యం కదా. సాయంత్రం ఎండ క్రోము మీద పై నుంచి కిందికి ఒక్క వెలుగు గీతగా దిగింది. మధ్యలో ఎక్కడా విరగలేదు. గేజి ముల్లు రెండు గీతలు మాత్రమే ఎందుకు ఊగాలో నాకు అప్పుడు కంటితో తెలిసింది. పైపు ఏ కొంచెం వంకర ఉన్నా ఆ వెలుగు మెలికలు తిరిగేది.

చాపర్ అనగానే జనం రౌద్రం అనుకుంటారు. తోలు కోటు, పుర్రె బొమ్మ, చెవులు చిల్లులు పడే సైలెన్సరు. కాదంటాను. ఈ గీతలో ఎవరిమీదా కోపం లేదు. ఇందులో ఉన్నది అద్భుతరసం. దాని స్థాయీభావం విస్మయం. తెలిసిన వస్తువే తెలియని వస్తువుగా ఎదురుపడటం.

లోపాలూ చెప్పాలి. చీకటి పడ్డాక లైటు వేస్తే కాంతి పక్కింటి కొబ్బరిచెట్టు మొవ్వులో పడింది, మోర ఎత్తిన బండి దీపం కూడా ఎత్తింది మరి. సైడు స్టాండు పొట్టిదై బండి మరీ ఒరిగింది. ఇంజను వెనక్కి వాలడంతో కార్బురేటర్లో పెట్రోలు మట్టం మారి, స్లో మీద ఆగి ఆగి కొట్టుకుంది. అవన్నీ ఒక్కొక్కటే సర్దడానికి మరో నెల పట్టింది. ఒక అక్షరం మారిస్తే పద్యమంతా మళ్లీ చూసుకోవాల్సిందే.

నడపడానికి రోడ్డెక్కలేదు. టాటా ఏస్‌లో ఎక్కించి హిందూపురం దగ్గర మా సొంత పొలానికి తీసుకెళ్లాం. ఎర్రమట్టి బాటలో మా వాడు మెల్లగా నడిపాడు. మలుపులో హ్యాండిలు ఒరగబోతే మోచేతులతో ఆపుతున్నాడు, తిన్నటి బాటలో చేతులు తేలిపోతున్నాయి. ఆ మధ్యాహ్నం కారులో లేపాక్షి వెళ్లాం. పదహారో శతాబ్దంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన గుడి. పైకప్పు చిత్రాల్లో మనుషులు ఎక్కువగా పక్కకు తిరిగి ఉంటారు. ముక్కు కొనదేరి, గడ్డం కొనదేరి, కన్ను లోకంలో ఏ కంటికీ లేనంత పొడుగై ఉంటుంది. అయినా ఎవరికీ అసహజం అనిపించదు. ముఖమంతా ఆ కన్ను మోసేలా గీశారు కాబట్టి. ఊరి మొదట్లో ఒకే రాతి నంది, ఇరవై ఏడడుగుల పొడవు. కాళ్లు ముడుచుకుని, బరువంతా వెనక్కి వేసి, మెడ మాత్రం పైకి చాచి కూర్చుంది.

"మామా, ఇదెన్ని డిగ్రీలు?" అన్నాడు మా వాడు, మెడ వైపు చూపించి.

నవ్వుతూ అడిగిందే అయినా ఆ ప్రశ్నలో వెటకారం లేదు. బరువును వెనక్కి కూర్చోబెట్టి తలను ముందుకు చాచడం, ఆ చాపు ఎక్కడ ఆగాలో తెలియడం. రాయి చెక్కినవాడికీ పైపు తిప్పినవాడికీ తెలిసిన రహస్యం ఇదొక్కటే.

బండి ఇప్పుడు యలహంక షెడ్డులోనే ఉంది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చిన బండి రోడ్డెక్కడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. నేను దాన్ని తప్పు పట్టను. మన రోడ్ల మీద పక్కవాడి ప్రాణం మన వక్రోక్తి కంటే విలువైనది. మా వాడూ పట్టడు. కంపెనీ పైపులు రెంటికీ గ్రీజు పూసి, పాత పేపర్లలో చుట్టి, అటక మీద పెట్టాడు. రోడ్డెక్కాల్సిన రోజున అవే బిగుస్తాయి. మిగతా రోజుల్లో ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు షెడ్డు తలుపు తీస్తే, క్రోము మీద ఒక వెలుగు గీత పై నుంచి కిందికి విరగకుండా దిగుతుంది.